నవ్వు కాని నవ్వు

“నవ్వు నాలుగు విధాల చేటు” అని మనవారి సామెత. సమయాసమయాలు చూడక పకపకలాడే పిల్లలను మందలించటానికి పెద్దలు వాడిన మాట అది. అందులో కోపం పాలు తక్కువ, ముద్దు పాలు ఎక్కువ. కాని వైద్యులు గుర్తించిన నవ్వు ఒకటి ఉన్నది. అది మాత్రం నిజంగానే చేటు తెస్తుంది. సంతోషం లేకుండా వస్తుంది, కారణం లేకుండా వస్తుంది, ఆపుకోవాలని ప్రయత్నించినా ఆగదు. బిడ్డ తల్లి గర్భంలో ఉన్నప్పుడే మెదడు అడుగున ఏర్పడిన ఒక కంతి ఆ నవ్వును పుట్టిస్తుంది. ఆ కంతి స్వభావమేమిటి, దానిని శస్త్రవైద్యులు ఏ విధంగా లొంగదీస్తున్నారు, అందుకు సరైన దారి దొరకటానికి అంత కాలం ఎందుకు పట్టింది అన్నవి ఈ ప్రసంగంలోని విషయాలు.

ముందుగా ఆ నవ్వు ఎట్లా ఉంటుందో చూద్దాం. ఉయ్యాలలో ఊరక పడుకుని ఉన్న బిడ్డ, ఎవరూ పలకరించకుండానే, ఒక్కసారిగా నవ్వటం మొదలుపెడుతుంది. ఆ నవ్వు కొన్ని సెకండ్లు ఉంటుంది. కొన్ని సమయాలలో అరనిమిషం దాకా సాగుతుంది. ముఖం ఎర్రబడవచ్చు, గుండె వేగంగా కొట్టుకోవచ్చు, చూపు ఎటో నిలిచిపోవచ్చు. అంతలో దీపం ఆర్పినట్లు ఆ నవ్వు ఆగిపోతుంది. రోజుకు పదిసార్లు రావచ్చు, అంతకంటే ఎక్కువగానూ రావచ్చు. నిద్రలో సైతం రావచ్చు. కొందరు పిల్లలలో నవ్వుకు బదులు ఏడుపు వస్తుంది. కొందరిలో అది నవ్వో ఏడుపో పక్కనున్నవారు తేల్చుకోలేరు.

కాస్త పెద్దవారై మాటలు వచ్చిన పిల్లలను అడిగితే, తమకు నవ్వాలని లేదనీ, లోపలి నుంచి ఏదో తోసుకువస్తుందనీ చెబుతారు. అట్టి పిల్లవాడు బడిలో పాఠం జరుగుతున్నప్పుడు నవ్వితే ఉపాధ్యాయునికి అది పొగరుగా కనిపిస్తుంది. పెద్దల మధ్య నవ్వితే తల్లిదండ్రులకు తలవంపుగా ఉంటుంది. తాను చేయని తప్పుకు శిక్ష పడుతుంటే ఆ పిల్లవాడు క్రమంగా ఆ నవ్వును దాచుకోవటం, దగ్గుతోనో చేతితోనో కప్పిపుచ్చుకోవటం నేర్చుకుంటాడు. అందుచేత వ్యాధి మరింత కాలం ఎవరికీ తెలియకుండా ఉండిపోతుంది.

ఇది ఒక విధమైన మూర్ఛ. మూర్ఛ అనగానే మనకు కాళ్ళూ చేతులూ కొట్టుకోవటం, నోట నురుగు రావటం గుర్తుకు వస్తాయి. కాని మూర్ఛ అంటే మెదడులోని ఒక భాగంలో విద్యుత్సంకేతాలు అదుపు తప్పి ఒక్కసారిగా చెలరేగటమే. ఆ భాగం ఏ పని చేస్తుందో ఆ పనే మూర్ఛ రూపంలో బయటపడుతుంది. చేతిని కదిలించే భాగమైతే చేయి అదురుతుంది. నవ్వుకు సంబంధించిన నాడీమార్గమైతే నవ్వు వస్తుంది. గ్రీకు భాషలో ‘జెలోస్’ అంటే నవ్వు. డేలీ, మల్డర్ అనే వైద్యులు 1957లో ఈ వ్యాధికి ‘జెలాస్టిక్’ మూర్ఛ అని పేరు పెట్టారు. ఇట్టి నవ్వు మెదడులోని ఇతర భాగాల నుంచి కూడా రావచ్చు. కాని పసితనంలోనే అది మొదలైతే, వైద్యుని అనుమానం మొదట పోయేది మనం చెప్పుకోబోయే కంతి మీదికే.

ఇక్కడ తల్లులకు ఒక మాట చెప్పాలి. పసిపాపలు నిద్రలో నవ్వుకోవటం సహజం. దేవతలు ఆడిస్తున్నారని పెద్దలు మురిసిపోయే ఆ నవ్వులో దోషమేమీ లేదు. పిల్లలు ఊరికే నవ్వటం కూడా వ్యాధి కాదు. అనుమానించవలసిన నవ్వుకు కొన్ని గుర్తులు ఉన్నవి. అది వచ్చిన ప్రతిసారీ ఒకే తీరున ఉంటుంది, అచ్చు గుద్దినట్లు. చుట్టూ జరుగుతున్న దానితో దానికి పొత్తు ఉండదు. పెదవులు నవ్వినా కన్నులు నవ్వవు. పిలిచినా, ఎత్తుకున్నా, బొమ్మ చూపినా దాని దారిన అది వచ్చి దాని దారిన అది పోతుంది. ఈ గుర్తులున్న నవ్వు పదే పదే వస్తున్నదంటే వైద్యునికి చూపవలసినదే.

ఈ కంతి ఉండే చోటు పేరు హైపోథలామస్. మన పాఠ్యగ్రంథాలు దీనిని అధోపర్యంకమన్నాయి. పెద్దవారి మెదడు సుమారు 1,300 గ్రాముల బరువుంటే, అందులో ఈ భాగం సుమారు 4 గ్రాములు మాత్రమే. కాని పెద్ద సంసారంలో తాళంచెవుల గుత్తి పట్టుకున్న ఇల్లాలి వంటిది ఇది. ఆకలి, దాహం, నిద్ర, శరీరపు వేడి, ఒంటిలోని ఉప్పునీటి పాళ్ళు, కోపతాపాలు, ఎదుగుదల, యౌవనారంభం — వీటన్నిటికీ ఆజ్ఞలు ఇక్కడ నుంచే పోతాయి. దీనికి దిగువనే సన్నని కాడకు వేలాడుతూ పీయూష గ్రంథి ఉన్నది. ముందు భాగంలో రెండు కళ్ళ నుంచి వచ్చే నాడులు కలుసుకుంటాయి. పక్కగా, వెనుకగా జ్ఞాపకశక్తికి ఆధారమైన నాడీతంతువులు పోతాయి. చుట్టూ మెదడుకు రక్తాన్ని పంచే ధమనులు ఉన్నవి. ఇంత కిక్కిరిసిన చోటు మెదడులో మరొకటి లేదంటే అతిశయోక్తి కాదు.

ఆ చోట ఏర్పడే కంతిని వైద్యులు హమార్టోమా అంటారు. జర్మన్ వైద్యుడు ఆల్‌బ్రెక్ట్ 1904లో ఈ మాటను కల్పించాడు. గ్రీకు భాషలో దీని మూలానికి గురి తప్పటం, పొరపాటు అని అర్థం. మాటలోనే వ్యాధి స్వభావమంతా ఉన్నది. ఈ కంతిలో ఉన్నవి చెడిపోయిన కణాలు కావు. మెదడులో అంతటా ఉండే నాడీకణాలూ, వాటికి ఆసరాగా ఉండే కణాలే. ఐతే అవి కుదురవలసిన తీరున కుదురుకోలేదు. మగ్గం మీది పోగులన్నీ మంచివే. ఒక్కచోట చిక్కుపడి ముడి కట్టినవి, అంతే. ఇది క్యాన్సరు కాదు. ఇతర అవయవాలకు పాకదు. బిడ్డ మెదడు పెరిగినంత మేరకు తానూ పెరుగుతుందే కాని, దానిని మించి పెరగదు. కంతి అన్న మాటను మనం వాడుకలో అనుకోవటమే కాని, నిజానికి ఇది నిర్మాణదోషం.

ఇది మిక్కిలి అరుదైన వ్యాధి. మూర్ఛతో కూడిన ఇట్టి కంతి సుమారు 2 లక్షల మంది పిల్లలలో ఒకరికి ఉండవచ్చునని స్వీడన్ దేశంలో జరిగిన అధ్యయనం అంచనా వేసింది. గర్భస్థ శిశువు మెదడు రూపుదిద్దుకునే తొలి మాసాలలోనే ఇది ఏర్పడుతుంది. కొందరిలో జి.ఎల్.ఐ.-3 అనే జన్యువులో వచ్చిన మార్పు దీనికి కారణమని తేలింది. చేతికి ఆరవ వేలు మొదలైన ఇతర లక్షణాలతో కలిసి ఈ కంతి వచ్చే పాలిస్టర్–హాల్ వ్యాధిని వైద్యులు 1980లో వర్ణించారు. దానికి ఆ జన్యువే మూలమని 1997లో తెలిసింది. చాలామంది పిల్లలలో ఇది వంశంలో ఎవరికీ లేకుండా, తమతోనే మొదలవుతుంది. గర్భవతిగా ఉన్నప్పుడు గ్రహణం చూసిందనీ, తినరానిది తిన్నదనీ తల్లిని ఆడిపోసుకోవటం మన ఇళ్ళలో ఇంకా పూర్తిగా పోలేదు. ఆమె చేసిన పనికీ ఈ కంతికీ ఏ సంబంధమూ లేదు.

ఈ కంతులు స్థూలంగా రెండు తీరులు. మొదటి తీరు కంతి హైపోథలామస్ అడుగు నుంచి కొమ్మకు కాయ వలె కిందికి వేలాడుతుంది. రెండవది హైపోథలామస్ లోపలికి పాతుకుని, మెదడు మధ్య ద్రవంతో నిండి ఉండే మూడవ గదిలోనికి పొడుచుకు వస్తుంది. వేలాడే కంతి సాధారణంగా మూర్ఛను కలిగించదు. అకాలంలో యౌవనాన్ని తెస్తుంది. పాతుకున్న కంతి మూర్ఛను తెస్తుంది. పెద్ద కంతులలో రెండు లక్షణాలూ కలిసి ఉండవచ్చు. కంతి ఎంత పెద్దదన్న దానికంటే అది ఎక్కడ అతుక్కున్నదన్నదే ముఖ్యమని దీనివలన తెలుస్తున్నది.

అకాల యౌవనం సంగతి ముందు ముగిద్దాం. ఆడపిల్లలలో 8 సంవత్సరాలకు ముందు, మగపిల్లలలో 9 సంవత్సరాలకు ముందు యౌవన లక్షణాలు కనిపిస్తే వైద్యులు దానిని అకాలమంటారు. ఈ కంతి ఉన్న పిల్లలలో రెండు మూడేళ్ళకే అది రావచ్చు. అట్టి పిల్లలు మొదట ఈడును మించి పొడుగెదుగుతారు. కాని ఎముకలు త్వరగా ముదిరిపోవటం వలన పెద్దయిన పిమ్మట పొట్టిగా మిగులుతారు. దీనికి ఒకప్పుడు కంతిని కోసి తీసేవారు. 1980 ప్రాంతం నుంచి ఆ అవసరం చాలావరకు తప్పింది. యౌవనాన్ని మొదలుపెట్టే హార్మోను సంకేతం పీయూష గ్రంథికి విడతలు విడతలుగా అందితేనే పని జరుగుతుంది. ఎడతెగకుండా అందిస్తే ఆ గ్రంథి స్పందించటం మానివేస్తుంది. ఈ రహస్యం ఆధారంగా తయారైన ఇంజెక్షన్లను తగిన ఈడు వచ్చేవరకు ఇచ్చి, తరువాత ఆపివేస్తారు. యౌవనం తన వేళకు తాను వస్తుంది. కనుక వేలాడే కంతికి కత్తి అక్కరలేకుండా పోయిందనే చెప్పవచ్చు.

పాతుకున్న కంతి కథ వేరు. నవ్వు మూర్ఛ దానికదే ప్రమాదకరంగా కనిపించదు. కాని కాలం గడిచినకొద్దీ చాలామంది పిల్లలలో ఇతర మూర్ఛలు వచ్చి చేరుతాయి. బిడ్డ చేతిలోని వస్తువు జారవిడిచి శూన్యంగా చూస్తుంది; ఉన్నట్టుండి నేలకూలుతుంది; ఒళ్ళంతా కొట్టుకునే మూర్ఛలూ వస్తాయి. నేర్చుకున్న చదువు నిలవదు, కొత్తది ఎక్కదు. కొందరిలో భరించరాని ఆగ్రహం బయలుదేరుతుంది. చిన్న మాటకు వస్తువులు విసిరివేయటం, అయినవారినే కొట్టటం జరుగుతుంది. అంతవరకు అందరు పిల్లల వలె ఆడుకున్న బిడ్డ నాలుగైదేళ్ళలో తల్లిదండ్రుల కళ్ళ ఎదుటనే మారిపోతుంది. స్వభావరీత్యా నిరపాయమైన కంతి, ఉన్న చోటునుబట్టి ఇంత అపాయం చేస్తుంది.

మూర్ఛను అరికట్టే మందులు నేడు అనేకం ఉన్నవి. మూర్ఛ ఉన్నవారిలో అధిక సంఖ్యాకులకు అవి చక్కగా పనిచేస్తాయి. కాని ఈ నవ్వు మూర్ఛ విషయంలో అవి చాలా తరచుగా విఫలమవుతున్నవి. రెండు మూడు మందులు కలిపి ఇచ్చినా నవ్వు ఆగదు. మత్తు మాత్రం పెరుగుతుంది. అందువలననే శస్త్రచికిత్స ప్రసక్తి వచ్చింది.

ఐతే కత్తి ఎక్కడ పెట్టాలి? ఈ ప్రశ్నకు వైద్యలోకం చాలాకాలం తప్పు సమాధానం చెప్పుకున్నది. తలపై తీగలు అమర్చి మెదడులోని విద్యుత్తరంగాలను రేఖలుగా చూపే ఈ.ఇ.జి. పరీక్ష పైపొరలలోని అలజడిని చూపగలదు కాని, లోతున ఉన్న కంతిలో ఏమి జరుగుతున్నదో సరిగా చూపలేదు. కొందరు పిల్లలలో నవ్వు వస్తున్న సమయంలోనే రేఖలు మామూలుగా ఉంటాయి. మరికొందరిలో కణత దగ్గరి భాగంలోనో నుదుటి వెనుక భాగంలోనో అలజడి కనిపిస్తుంది. మూర్ఛ అక్కడే పుడుతున్నదని భావించి ఆ భాగాలను కోసి తీసేవారు. అట్లా చేసిన శస్త్రచికిత్సల ఫలితాలను కాసినో, ఆయన సహచరులు 1993లో ప్రచురించారు. రోగులలో ఎవరికీ చెప్పుకోదగ్గ మేలు కలగలేదు. పొగ కనిపించిన చోట నీళ్ళు పోశారు. నిప్పు మరొకచోట ఉన్నది.

ఆ నిప్పు కంతిలోనే ఉన్నదని నిరూపించినవి తరువాతి పరిశోధనలు. 1995లో మునారి, ఆయన సహచరులు సన్నని తీగను మెదడు లోతుకు పంపి, మూర్ఛ వచ్చే క్షణాన విద్యుత్సంకేతం కంతిలోనే మొదలవుతున్నదని చూశారు. 1997లో కుజ్‌నీకీ, ఆయన సహచరులు నవ్వు వస్తున్న సమయంలో కంతికి రక్తప్రవాహం పెరగటాన్ని చిత్రాలలో చూపారు. కంతిని తీగ ద్వారా విద్యుత్తుతో ప్రేరేపించగా ఆ నవ్వే వచ్చింది. దీనితో దారి తేటపడింది. నిర్జీవమైన ముద్ద వలె పడి ఉండి పక్కవారిని నొక్కుతున్నదనుకున్న కంతి, తానే సంకేతాలను పుట్టించి మెదడంతటికీ పంపుతున్నది. కనుక చికిత్స జరగవలసినది కంతికే.

దారి తెలిసినంత మాత్రాన ప్రయాణం సులభం కాలేదు. పూర్వం శస్త్రవైద్యులు కణత వైపు నుంచి పుర్రెను తెరచి, మెదడు అడుగుభాగం వెంట కంతిని చేరేవారు. ఆ దారిలో కంటినాడులు, పీయూష గ్రంథి కాడ, ముఖ్యమైన ధమనులు అడ్డం వస్తాయి. పైగా మూడవ గదిలోనికి పొడుచుకుపోయిన భాగం అక్కడ నుంచి కనిపించదు. కంతి సగమే తీయగలిగేవారు. పక్షవాతం వంటి ఉపద్రవాల భయం ఎక్కువగా ఉండేది.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో శస్త్రవైద్యుడు జెఫ్రీ రోజెన్‌ఫెల్డ్, ఆయన సహచరులు ఈ దారిని తలకిందులు చేశారు. కింది నుంచి కాక పై నుంచి దిగారు. మెదడు రెండు అర్ధభాగాలుగా ఉంటుంది కదా. నడినెత్తిన పుర్రెలో చిన్న కిటికీ తెరచి, ఆ రెండు భాగాల మధ్య సందులో నుంచి దిగి, వాటిని కలిపే వంతెనలో కొద్దిపాటి చీలిక చేసి, జ్ఞాపకశక్తిని మోసే జంట తంతువుల నడుమగా మూడవ గదిలోనికి ప్రవేశించి, కంతిని సూక్ష్మదర్శినిలో నేరుగా చూస్తూ తొలగించటం ఈ పద్ధతి. 2001లో వారు దీనిని లోకానికి వివరించారు. 2003లో ప్రచురించిన వివరాల ప్రకారం, 29 మంది రోగులలో 15 మందికి మూర్ఛలు పూర్తిగా ఆగిపోయినవి; మరి 7 గురికి నూటికి 90 పాళ్ళకు పైగా తగ్గినవి. మందులకు లొంగని వ్యాధిలో ఇది చిన్న విజయం కాదు.

తరువాత అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో, బారో నాడీవైద్య సంస్థలో, ఎండోస్కోపు అనే దీపంగల సన్నని గొట్టాన్ని చిన్న రంధ్రం ద్వారా మూడవ గదిలోనికి పంపి కంతిని తొలగించే పద్ధతిని అభివృద్ధి చేశారు. 2008లో వారు ప్రకటించిన 37 మందిలో 18 మందికి మూర్ఛలు ఆగినవి. ఫలితం ఇంచుమించు వెనుకటిదే ఐనా గాయం చిన్నది. రోగి ఆస్పత్రిలో ఉండవలసిన దినాలు తగ్గినవి.

ఇంతలో పారిస్ నగరంలో ఒలివియే దెలలాంద్ అనే శస్త్రవైద్యుడు మరొక విధంగా ఆలోచించాడు. కంతి ఉండటం వలన కాదు కదా హాని. అది మెదడుతో మాట్లాడటం వలన హాని. ఆ మాట తెంపితే చాలును కదా! కంతిని యావత్తూ తీయబోతే పక్కనున్న సున్నితమైన భాగాలు దెబ్బతింటాయి. దానికి బదులు కంతికీ హైపోథలామస్‌కూ మధ్య ఉన్న అతుకును మాత్రం కోసి, కంతిని ఉన్నచోటనే విడిచిపెట్టవచ్చును. తీగ తెంపిన గంట మోగదు. 2003లో ఆయన తన సహచరురాలు ఫోలెన్‌తో కలిసి ఈ పద్ధతి ఫలితాలను ప్రచురించి, కంతి అతుక్కున్న తీరునుబట్టి దానిని నాలుగు రకాలుగా విభజించాడు. ఏ రకానికి ఏ దారి నప్పుతుందో నిర్ణయించటానికి ఆ విభజన నేటికీ ఉపకరిస్తున్నది. ఈ వ్యాధి చికిత్సలో ప్రధానమైన సూత్రం ఇదే: తొలగించటం కంటే విడదీయటం ముఖ్యం.

ఈ సూత్రం తెలిసిన తరువాత కత్తికి బదులు వేడితో పని జరిపించవచ్చునన్న ఆలోచన బలపడింది. జపాన్‌లోని నీగాటాలో కమేయామా, ఆయన సహచరులు 1997 నుంచే ఈ దారిన నడిచారు. ఎం.ఆర్.ఐ. చిత్రాల సహాయంతో లెక్కకట్టి, పుర్రెలోని చిన్న రంధ్రం గుండా సూదివంటి తీగను కంతికీ హైపోథలామస్‌కూ ఉన్న సరిహద్దుకు చేర్చి, దాని మొనను సుమారు 74 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఒక నిమిషం వేడి చేస్తారు. ఆ కొద్ది మేర కణజాలం ఉడికిన గుడ్డు వలె గట్టిపడి నిర్జీవమవుతుంది. తీగను కొద్దికొద్దిగా జరుపుతూ అతుకు పొడుగునా ఇట్లా చేస్తారు. 2016లో వారు 100 మంది రోగుల వివరాలు ప్రకటించారు. నూటికి 86 మందికి నవ్వు మూర్ఛ ఆగిపోయింది.

అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో, టెక్సస్ బాలల ఆస్పత్రిలో, విల్‌ఫాంగ్, కరీ అనే వైద్యులు వేడిని పుట్టించటానికి లేజర్ వెలుగును వాడారు. సన్నని గాజుతంతువును కంతిలోనికి చేర్చి దానిగుండా లేజర్ కిరణాలను పంపుతారు. ఇందులోని విశేషం ఏమంటే, రోగి ఎం.ఆర్.ఐ. యంత్రంలో ఉండగానే ఈ పని జరుగుతుంది. లోపల ఏ బిందువు వద్ద ఎంత వేడి పుట్టినదో ఎప్పటికప్పుడు తెరమీద కనిపిస్తుంది. కంటినాడి వైపు వేడి పాకుతున్నదనిపిస్తే ఆ క్షణంలోనే కిరణాన్ని ఆపివేయవచ్చును. 2013లో వారు 14 మంది వివరాలు ప్రకటించగా, వారిలో 12 మందికి మూర్ఛలు ఆగినవి. 2018లో ప్రకటించిన 71 మందిలో, సంవత్సరం గడిచేసరికి నూటికి 93 మందికి నవ్వు మూర్ఛ లేదు. ఐతే సుమారు నాలుగవ వంతు మందికి ఈ చికిత్స ఒకటికంటే ఎక్కువసార్లు చేయవలసివచ్చింది. చాలామంది పిల్లలు ఒకటి రెండు దినాలలోనే ఇల్లు చేరుతున్నారు.

చర్మం మీద గాటైనా పెట్టకుండా చేసే చికిత్స కూడా ఒకటి ఉన్నది. అది గామా కిరణాలది. ఇంచుమించు 200 సన్నని కిరణాలను వేర్వేరు దిక్కుల నుంచి పంపి కంతి వద్ద కలుసుకునేటట్లు చేస్తారు. విడివిడిగా ఏ కిరణమూ మెదడుకు హాని చేయదు. కలిసిన చోట మాత్రమే వాటి బలం పనిచేస్తుంది. ఫ్రాన్స్‌లోని మార్సేయ్ నగరంలో ఝాన్ రెజీస్, ఆయన సహచరులు ఇందులో కృషి చేసి 2000 సంవత్సరంలో తొలి ఫలితాలు వెల్లడించారు. జ్ఞాపకశక్తికి ముప్పు తక్కువ కావటం దీని గుణం. ఫలితం కనిపించటానికి నెలలు, కొన్ని సమయాలలో రెండు మూడు సంవత్సరాలు పట్టటం దీని లోపం. బిడ్డ స్థితి వేగంగా దిగజారుతున్నప్పుడు అంత కాలం నిరీక్షించటం కుదరదు.

ఇన్ని పద్ధతులలో ఏది మేలని అడిగితే ఒకే సమాధానం లేదు. చిన్న కంతికి వేడి చాలవచ్చు. భారీ కంతికి రెండు మూడు విడతలలో, రెండు మూడు పద్ధతులు కలపవలసి రావచ్చు. దేనికైనా కొంత మూల్యం ఉన్నది. దానిని తల్లిదండ్రులు ముందే తెలుసుకోవాలి. చికిత్స తరువాత కొందరిలో దాహం విపరీతమై మూత్రం విస్తారంగా పోతుంది. ఒంటిలోని ఉప్పు పాళ్ళు తారుమారవుతాయి. ఇది సామాన్యంగా కొద్ది దినాలలో సర్దుకుంటుంది. అరుదుగా నిలిచిపోతే జీవితాంతం మందు వాడాలి. కొందరికి ఆకలి హెచ్చి బరువు పెరుగుతారు. అన్నిటికంటే ఆలోచించవలసినది జ్ఞాపకశక్తి. అప్పుడే చెప్పిన మాట అప్పుడే మరచిపోవటం కొందరిలో కొన్ని వారాలు ఉండి పోతుంది. కొద్దిమందిలో శాశ్వతంగా నిలుస్తుంది.

ఈ ముప్పును విన్న తల్లిదండ్రులకు, ఉన్నదానితో సరిపెట్టుకుందాం అనిపించటం సహజం. కాని త్రాసులో రెండవ తట్టను కూడా చూడాలి. చికిత్స చేయకపోవటం వలన స్థితి ఉన్నచోటనే ఆగి ఉండదు. ఏళ్ళ తరబడి కంతి పంపే సంకేతాలకు గురైన మెదడులోని ఇతర భాగాలు క్రమంగా తామే మూర్ఛను పుట్టించటం నేర్చుకుంటాయి. అప్పుడు కంతిని విడదీసినా నవ్వు ఆగుతుంది కాని, మిగిలిన మూర్ఛలు ఆగకపోవచ్చు. వ్యాధి మొదలై తక్కువ కాలమైన పిల్లలలో చికిత్సకు మంచి ఫలితం రావటానికి కారణమిదే. పోయిన చదువును వెనుకకు తేవటం కంటే, ఉన్న తెలివిని కాపాడటం సులభం. సకాలంలో చికిత్స జరిగిన పిల్లలలో ఆగ్రహం శాంతించటం, చదువుమీద మనసు నిలవటం వైద్యులూ తల్లిదండ్రులూ గమనించారు. అందరిలోనూ అంత మేలు జరగదు. జరిగిన చోట ఆ కుటుంబం బతుకే మారుతుంది.

మన దేశంలోనూ ఈ విద్య అందుబాటులోకి వచ్చింది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో 1995 నుంచి మూర్ఛకు శస్త్రచికిత్సలు క్రమబద్ధంగా జరుగుతున్నవి. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు యంత్రహస్తం సహాయంతో తీగను గురిపెట్టి ఈ కంతులను వేడితో విడదీసిన అనుభవాన్ని 2018లో ప్రచురించారు. కాని ఇది ప్రతి ఆస్పత్రిలోనూ చేయదగిన పని కాదు. మూర్ఛవైద్యుడు, శస్త్రవైద్యుడు, హార్మోన్ల నిపుణుడు, జ్ఞాపకశక్తిని పరీక్షించే మనస్తత్వవేత్త — ఇందరు కలిసి పనిచేసే చోటనే చేయించుకోవాలి.

అంతవరకు పోవటానికి మొదటి అడుగు మాత్రం ఇంటిలోనే పడాలి. బిడ్డ నవ్వుతున్నప్పుడు ఏమి జరిగిందో మాటలలో చెప్పటం కష్టం. ఆస్పత్రికి వెళ్ళిన వేళ ఆ నవ్వు రాదు. నేడు చాలామంది చేతిలో ఫోను ఉన్నది. ఆ నవ్వును రెండు మూడుసార్లు దానిలో చిత్రించి వైద్యునికి చూపితే, పది పుటల వర్ణన కంటే ఎక్కువ ఉపకరిస్తుంది. ఏ రోజు ఎన్నిసార్లు వచ్చినదీ, ఎంత సేపు ఉన్నదీ ఒక కాగితం మీద రాసి ఉంచాలి. ఈ.ఇ.జి. పరీక్షలో ఏమీ కనిపించలేదన్నంత మాత్రాన నిశ్చింత పడరాదు. హైపోథలామస్‌ను ప్రత్యేకంగా చూసేటట్లు ఎం.ఆర్.ఐ. తీయించవలసిన అవసరమున్నదా అని వైద్యుని అడగాలి. వైద్యుడు చెప్పనిదే మందులు ఆపరాదు. దిష్టి తీయించుకోవటం మీ ఇష్టం. అది చేస్తూ వైద్యుని దగ్గరకు పోవటం మాత్రం వాయిదా వేయరాదు.

బడిపంతుళ్ళకు కూడా ఇదే విన్నపం. తరగతిలో ఒక బాలుడో బాలికో వేళకాని వేళ, ఒకే తీరున, మాటిమాటికీ నవ్వుతూ ఉంటే, బెంచీ మీద నిలబెట్టటానికి ముందు ఒక్కసారి ఆ కన్నుల వైపు చూడండి. కన్నులలో నవ్వు లేకపోతే, ఆ సంగతి తల్లిదండ్రులకు తెలియజేయండి. మెదడు లోతున దాగిన కంతిని యంత్రాలు చూపగలవు, కిరణాలు విడదీయగలవు. కాని దానిని వెతకవలసి ఉన్నదని మొదట గుర్తించగలిగినది బిడ్డను రోజూ చూసే మనిషి మాత్రమే.